చర్చి గోడమీది యుద్ధస్మారక ఫలకాన్ని చదివి నమోదు చేసే పద్ధతి

బ్రిటన్‌లో ఏ చిన్న పట్టణపు చర్చిలోకి వెళ్లినా, 1914లో మొదలైన మొదటి ప్రపంచయుద్ధంలో చనిపోయిన స్థానికుల పేర్లతో ఒక ఫలకం లోపలి గోడమీద కనబడుతూనే ఉంటుంది. అది ఇత్తడి పలక కావచ్చు, పాలరాయి కావచ్చు, ఓక్ చెక్కమీద బంగారు రంగు అక్షరాలు కావచ్చు. చూడటానికి వచ్చినవారిలో చాలామంది దాన్ని గోడకు అలంకారంగా భావించి ముందుకు సాగిపోతారు గాని, నిజానికి దాన్ని సమాధికి బదులుగా పెట్టుకున్నారు. యుద్ధరంగంలో మరణించినవారి దేహాలను స్వదేశానికి తరలించడాన్ని బ్రిటిష్ సైన్యం 1915లోనే నిషేధించింది. యుద్ధం ముగిశాక కూడా ఆ నిర్ణయం మారలేదు. ఫ్రాన్సులోనో గల్లిపోలీలోనో మెసపొటేమియాలోనో మట్టిలో కలిసిపోయిన కొడుకు సమాధిని చూసి రాగల స్తోమత లేని తల్లికి, ఆదివారం ఆరాధనకు వచ్చినప్పుడల్లా కంటపడే ఆనవాలు ఈ ఫలకంమీది పేరొక్కటే.

దాన్ని చేయించింది ప్రభుత్వం కాదు. ఊరివాళ్లే కమిటీ వేసుకొని, చందాలు పోగుచేసి, ఎవరి పేరు ఉండాలో ఎవరిది అక్కరలేదో తమలో తాము తేల్చుకొని చేయించారు. అందువల్ల అందులోని అక్షరదోషాలు, చివర ఇరికించిన పేర్లు, వదిలేసిన పేర్లు కూడా ఆ ఊరి చరిత్రలో భాగమే. ముందు ఉన్నది ఉన్నట్టు రాసుకోవాలి. పేర్ల వెనుక మనుషులను ఆ తరువాతే వెతకాలి. తప్పు దొరికితే మన కాగితంమీద చెప్పాలే తప్ప గోడమీద దిద్దే ఆలోచన పెట్టుకోకూడదు. ఈ వరుస తప్పినవారు తమకు తెలిసినదాన్ని ఫలకంమీద చదివినట్టు రాసేస్తారు. ఆ తరువాత ఏది చదివిందో ఏది ఊహించిందో వారికే తెలియకుండా పోతుంది.

వెళ్లే ముందు

ఇంపీరియల్ వార్ మ్యూజియం నడిపే యుద్ధస్మారకాల రిజిస్టరులో ఆ చర్చి పేరు ఉందేమో ఇంటర్నెట్‌లో చూడండి. 1989లో మొదలైన ఆ రిజిస్టరులో దేశం మొత్తంమీద స్మారకాల వివరాలు ఉన్నాయి. మీ ఫలకం అందులో ఉన్నా పని వృథా కాదు. కొన్ని నమోదుల్లో పేర్ల సంఖ్య ఉంటుంది, పేర్లు ఉండవు. కొన్నింటిలో ఫోటో ఉండదు. తరువాత చర్చి వార్డెన్‌కు ఒక ఉత్తరం రాసి, పెళ్లిళ్లు, అంత్యక్రియలు లేని పనిదినాన ఒక గంట సమయం అడగండి. టార్చి, కొలత టేపు, పెన్సిలు, నోటుపుస్తకం, కెమెరా స్టాండు, ఒక గజం నల్లగుడ్డ వెంట ఉంటే చాలు. పెన్ను వద్దు; సిరా ఒలికితే పోయేది మన నోటుపుస్తకం ఒక్కటే కాదు. ఫలకం ఎత్తులో ఉంటే కుర్చీలు ఒకదానిమీద ఒకటి వేసి ఎక్కవద్దు, దూరం నుంచి జూమ్ లెన్సుతో తీయండి.

గోడ దగ్గర చేయవలసింది

ముందుగా ఫలకం చర్చిలో ఎక్కడ ఉందో రాసుకోవాలి: ఉత్తరపు గోడా, దక్షిణపు గోడా, ఏ కిటికీల మధ్య, బాప్తిస్మపు తొట్టికి ఎంత దూరంలో ఉంది అన్నది ఇప్పుడు పనికిమాలిన వివరంలా కనిపించినా, చర్చిలో మరమ్మతులు జరిగి ఫలకం చోటు మారినప్పుడు దాని విలువ తెలుస్తుంది. ఎత్తు, వెడల్పు సెంటీమీటర్లలో కొలవండి. ఏ పదార్థంతో చేశారో తెలియకపోతే కనిపించినంతవరకు, అంటే "తెల్లరాయి, బూడిదరంగు చారలు" అని రాయండి; పాలరాయి అని ఊహించి రాయవద్దు. కింది మూలల్లో చేసిన దుకాణం పేరు సన్నని అక్షరాలతో చెక్కి ఉంటుంది. అది తరచుగా దుమ్ములో కలిసిపోయి ఉంటుంది కనుక పనిగట్టుకొని వెతకాలి.

ఇక ఫోటో. మెరుగుపెట్టిన ఇత్తడి అద్దంలా పనిచేస్తుంది. ఎదురుగా నిలబడి తీస్తే పేర్ల స్థానంలో ఎదుటి కిటికీ, మధ్యలో మన ముఖం పడతాయి. ఫ్లాష్ వేస్తే మధ్యలో తెల్లటి మచ్చ మిగులుతుంది. నల్లగుడ్డను మన వెనక ఎవరైనా పరచి పట్టుకుంటే ప్రతిబింబం చాలావరకు పోతుంది. లేదా కొద్దిగా పక్కకు జరిగి తీసి, వంకరను తరువాత కంప్యూటరులో సరిచేసుకోవచ్చు. రాతిమీది అక్షరాలకు పద్ధతి వేరు. టార్చిని రాతికి దాదాపు ఆనించినట్టుగా పక్కనుంచి పట్టుకుంటే ప్రతి గాడిలోనూ నీడ పడి, ఎదురు వెలుగులో కనిపించని అక్షరాలు లేచి నిలుచున్నట్టు కనబడతాయి. ఎడమనుంచి ఒకసారి, పైనుంచి ఒకసారి వెలుగు పెట్టి రెండు ఫోటోలు తీయడం మంచిది, ఎందుకంటే నిలువుగీతలు ఒకదానిలో, అడ్డగీతలు మరొకదానిలో బాగా తేలతాయి.

పాలరాతిలో సీసం నింపిన అక్షరాలు ఉంటే కాస్త నిదానంగా చూడాలి. అక్షరం ఆకారంలో రాతిని కొద్దిగా తవ్వి, ఆ గాడిలో సన్నని రంధ్రాలు తొలిచి, సీసాన్ని సుత్తితో లోపలికి కొట్టి, పైభాగాన్ని నున్నగా చెక్కేవారు. రంధ్రాల్లో దిగిన సీసమే అక్షరాన్ని పట్టి ఉంచుతుంది. ఏళ్లు గడిచి కొన్ని అక్షరాలు ఊడిపోయాక, ఆ రంధ్రాల వరుస మాత్రం అలాగే ఉండిపోతుంది. ఉదాహరణకు ఇంగ్లీషు పెద్దబడి అక్షరాల్లో "ఇ"కి, "ఎఫ్"కి తేడా అడుగున ఉన్న అడ్డగీత ఒక్కటే కదా. సీసం ఊడిపోయినచోట అడుగున కుడివైపుకు ఒక రంధ్రం ఉంటే అది "ఇ", లేకపోతే "ఎఫ్". తొలి అక్షరం ఒక్కటి మారితే మనం వెతికే మనిషే మారిపోతాడు కనుక, వేలిగోరంత ఆ చోటును విడిగా దగ్గరనుంచి ఫోటో తీసిపెట్టుకోవాలి.

అక్షరాలు తేలడానికి సుద్దపొడి, పిండి, షేవింగ్ నురగ వంటివి ఎట్టి పరిస్థితిలోనూ వాడకూడదు. అవి రాతి సూక్ష్మరంధ్రాల్లోకి దిగి మళ్లీ రావు. టార్చి చేయలేని పని అవి చేసేదీ ఏమీ లేదు.

పేర్లను నకలు రాసేటప్పుడు ఫలకంమీద పంక్తి ఎక్కడ విరిగిందో మన కాగితంమీద కూడా అక్కడే విరగాలి. పెద్దబడి అక్షరాలు, చుక్కలు, పొట్టి రూపాలు అన్నీ ఉన్నట్టే ఉంచాలి. సార్జెంట్ అన్న మాటను "జి"తో కాక "జె"తో చెక్కి ఉంటే అది తప్పు కాదు, ఆ రోజుల్లో సైన్యంలో చెల్లిన స్పెల్లింగే; దిద్దితే మనమే తప్పు చేసినవాళ్లమవుతాం. చదవలేని అక్షరానికి చుక్కపెట్టి వదిలేయండి. రాయడం అయ్యాక ఒకరు ఫలకంనుంచి అక్షరం అక్షరం పైకి చదువుతుంటే మరొకరు కాగితంమీద సరిచూడటం ఉత్తమం. ఒంటరిగా వెళ్లినవారు కింది పేరునుంచి పైకి సరిచూసుకోవాలి. అలవాటైన వరుస తప్పడంతో కన్ను మోసపోదు.

ఫలకం చెప్పకుండా చెప్పేవి

సంవత్సరాలతో మొదలుపెట్టండి. కొన్నింటిమీద 1914–1918 అని, కొన్నింటిమీద 1914–1919 అని ఉంటుంది. కాల్పుల విరమణ 1918 నవంబరు 11న జరిగింది, వెర్సాయ్ శాంతి ఒప్పందంమీద సంతకాలు 1919 జూన్ 28న పడ్డాయి. ఏ తేదీని యుద్ధం ముగింపుగా ఎంచుకున్నారన్నది కమిటీ ఇష్టం. యుద్ధమృతుల సమాధులను, స్మారకాలను చూసుకునే కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ మాత్రం 1914 ఆగస్టు 4 నుంచి 1921 ఆగస్టు 31 వరకు సైనిక సేవవల్ల సంభవించిన మరణాలను తన లెక్కలోకి తీసుకుంటుంది. కాబట్టి 1920లో గాయాలవల్ల చనిపోయినవాడు కమిషన్ జాబితాలో ఉండి, అంతకుముందే చెక్కిన ఊరి ఫలకంలో లేకపోవచ్చు.

పేర్ల వరుసలో కమిటీ మనసు కనబడుతుంది. అక్షరక్రమంలో ఉంటే అధికారి, మామూలు సైనికుడు అన్న తేడా వద్దనుకున్నారని అర్థం. హోదాక్రమంలో ఉంటే పెద్దింటి కెప్టెన్ పైన, కమ్మరివాడి కొడుకు కింద ఉంటాడు. చనిపోయిన తేదీల వరుసలో ఉంటే మాత్రం పరిశోధకుడికి అదృష్టమే, ఎందుకంటే ముందు పేరుకూ తరువాత పేరుకూ మధ్య కాలంలోనే ఆ మనిషి పోయాడని తెలుస్తుంది. అక్షరక్రమమంతా ముగిశాక అడుగున ఒకటి రెండు పేర్లు విడిగా, కాస్త వేరే పోకడ అక్షరాలతో కనబడితే వాటిని తరువాత చేర్చారన్నమాట. ఆలస్యంగా చనిపోయారో, కుటుంబం ఆలస్యంగా అడిగిందో, మొదట ఎవరో వద్దన్నారో వెతికి తెలుసుకోవాలి. ఫలకం మొత్తంలో నన్ను ఎక్కువసేపు నిలబెట్టేది ఎప్పుడూ ఆ అడుగు పంక్తే.

హోదా పొట్టి అక్షరాల్లో సైనిక విభాగం దాగి ఉంటుంది. గన్నర్ అంటే ఫిరంగిదళం, సాపర్ అంటే ఇంజనీర్ల దళం, స్టోకర్ అంటే నౌకాదళంలో బాయిలర్ల దగ్గర పనిచేసినవాడు. గార్డ్స్‌మన్ అన్న హోదా 1918 చివరలో వచ్చింది; 1915లో చనిపోయినవాడి పేరుముందు అది కనిపిస్తే, ఫలకం చెక్కిన నాటి వాడుకను వెనక్కి వర్తింపజేశారని గ్రహించాలి. పేర్లకు పైనో కిందో ఉండే వాక్యం చాలావరకు బైబిలుదే. యోహాను సువార్త 15వ అధ్యాయం 13వ వచనం, స్నేహితుల కోసం ప్రాణం పెట్టేవాడి ప్రేమకు మించిన ప్రేమ లేదన్నది, మళ్లీ మళ్లీ కనబడుతుంది; ప్రకటన గ్రంథం 2వ అధ్యాయంలోని "మరణమువరకు నమ్మకముగా ఉండుము" అన్న మాటా అంతే. వాక్యాన్ని యథాతథంగా రాసుకొని వచన సంఖ్యను మన వ్యాఖ్యలో చేర్చాలి.

ఫలకంమీద ఉన్నవారందరూ ఆ ఊరిలో పుట్టినవారు కారు. అక్కడ పనికి కుదిరినవాడు, అక్కడి పిల్లను పెళ్లాడినవాడు, తల్లిదండ్రులు యుద్ధకాలంలో అక్కడికి మారినవాడు కూడా ఉంటారు. ఒకే మనిషి పేరు చర్చిలోనూ, బడిలోనూ, పనిచేసిన కార్ఖానాలోనూ, కూడలిలోని శిలువమీదా ఉండవచ్చు. అదే ఊరివాడైనా వేరే సంఘానికి చెందినవాడి పేరు మెథడిస్టు చాపెల్‌లోనో కాథలిక్ చర్చిలోనో తప్ప ఇక్కడ ఉండకపోవచ్చు. గల్లంతైన కొడుకు ఏనాటికైనా తిరిగి వస్తాడని నమ్మి, పేరు చెక్కడానికి ఒప్పుకోని కుటుంబాలు కూడా ఉన్నాయి. పారిపోవడం, పిరికితనం వంటి నేరాలకింద సైన్యమే కాల్చిచంపిన 306 మందికి 2006లో చట్టం ద్వారా క్షమాభిక్ష లభించింది. అలాంటివారిని కొన్ని ఊళ్లు తమ ఫలకాల్లో చేర్చుకున్నాయి, కొన్ని చేర్చుకోలేదు. అందుకే "ఈ ఊరి మృతుల సంఖ్య ఇంత" అని ఒక్క ఫలకాన్ని చూసి రాయకూడదు. "ఈ ఫలకంమీద ఇన్ని పేర్లు" అని రాయాలి.

పేరునుంచి మనిషికి

ఫలకంమీద "డబ్ల్యు. స్మిత్" అని మాత్రమే ఉందనుకుందాం. హోదా లేదు, రెజిమెంటు లేదు. ఇంతకంటే కష్టమైన పేరు ఉండదు కాబట్టి దీనితోనే పద్ధతి చెబుతాను.

కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ జాబితా ఇంటర్నెట్‌లో ఉచితం. 1917 మే 21న రాజశాసనంతో ఏర్పడిన ఈ సంస్థ రెండు ప్రపంచయుద్ధాలలో మరణించిన సుమారు 17 లక్షలమందిని స్మరిస్తుంది. అక్కడ ఈ పేరు వేస్తే వందలకొద్దీ మనుషులు వస్తారు. అదనపు సమాచారం అనే గడిలో ఊరిపేరు వేసి వడకట్టాలి; "ఫలానా ఊరి ఫలానా దంపతుల కుమారుడు" అన్న వాక్యం దొరికితే సగం పని అయినట్టే. అయితే ఆ వాక్యాలు కుటుంబాలు నింపి పంపిన ఫారాలనుంచి వచ్చాయి. ఫారం తిరిగి రాని ఇళ్లు ఎన్నో ఉన్నాయి కనుక అక్కడ ఊరిపేరు లేకపోవడం దేనికీ రుజువు కాదు.

దొరకకపోతే దారి మార్చి, యుద్ధంవైపునుంచి కాక ఇంటివైపునుంచి వెతకాలి. 1911 ఏప్రిల్ 2 రాత్రి జరిగిన జనగణనలో ఆ ఊరి స్మిత్ ఇళ్లన్నీ తీయండి. ఆ జనగణనకు ఒక ప్రత్యేకత ఉంది: ఇంటిపెద్ద తన చేత్తో నింపిన కాగితమే భద్రపడింది. అందులో పిల్లల పేర్లు, వయసులు, వృత్తులతోపాటు ఎంతమంది పుట్టారు, ఎంతమంది పోయారన్న లెక్క కూడా ఉంటుంది. విలియమ్, వాల్టర్, విల్ఫ్రెడ్ అనే ముగ్గురు కుర్రాళ్లు తేలారనుకుందాం. ఇప్పుడు వెతకవలసింది వందలమందిని కాదు, ముగ్గురినే. యుద్ధం తరువాత సైనిక శాఖ రెజిమెంట్లవారీగా 1921లో అచ్చువేయించిన మృతుల జాబితాలో పుట్టిన ఊరు, సైన్యంలో చేరిన ఊరు ఉంటాయి కనుక ముగ్గురినీ అక్కడ సరిచూడవచ్చు. అదే జాబితాలో మరణాన్ని మూడు రకాలుగా రాశారు: పోరాటంలో చనిపోవడం, గాయాలతో చనిపోవడం, ఉత్త "చనిపోవడం". ఈ మూడోది సాధారణంగా జబ్బు, ప్రమాదం వంటివాటిని సూచిస్తుంది. దాన్ని చూసి యుద్ధరంగంలో నేలకొరిగాడని రాసేస్తే మనం కథ అల్లినట్టే.

సైనికుడి సొంత సేవాపత్రాలు దొరుకుతాయని ఎక్కువ ఆశ పెట్టుకోవద్దు. 1940 సెప్టెంబరులో లండన్‌లోని సైనిక శాఖ గిడ్డంగిమీద బాంబులు పడి, మామూలు సైనికుల పత్రాల్లో సగానికిపైగా కాలిపోయాయి. మిగిలినవాటిని నేషనల్ ఆర్కైవ్స్‌లో కాలిన పత్రాలనే పిలుస్తారు. కొన్ని పుటల అంచులు నల్లగా మాడి, నీళ్లకు తడిసి కనబడతాయి. అవి లేనప్పుడు సైనికుడికి రావలసిన పతకాలను రాసిపెట్టిన కార్డు ఆదుకుంటుంది. అయితే ఆ కార్డు ప్రధానంగా విదేశానికి వెళ్లినవారికే ఉంటుంది. శిక్షణ శిబిరంలోనే జ్వరంతో పోయినవాడికి ఉండకపోవచ్చు. అలాంటివాడి సమాధి చాలాసార్లు అదే చర్చి ఆవరణలోనే ఉంటుంది కాబట్టి, కంప్యూటరు ముందు వారాలు గడపకముందే ఒకసారి బయటకు వెళ్లి సమాధుల మధ్య తిరిగి రండి. కమిషన్ నిలబెట్టిన రాయి పైభాగం కొద్దిగా వంపు తిరిగి, రెజిమెంటు చిహ్నంతో, ఒకే కొలతలో, సుమారు 81 సెంటీమీటర్ల ఎత్తున ఉంటుంది. కుటుంబం సొంతంగా రాయి వేయించుకుంటే ఆ ఆకారం ఉండదు, తల్లిదండ్రుల రాతిమీదే ఒక పంక్తిగా పేరు ఉండవచ్చు.

మృతుడికి రావలసిన జీతం బాకీ ఎవరికి చెల్లించారో చూపే సైనికుల ఆస్తిపత్రాల రిజిస్టరును ఎక్కువమంది పట్టించుకోరు గాని, నా దృష్టిలో అన్నిటికంటే నమ్మదగిన ముడి అదే. అక్కడ తల్లి పేరో భార్య పేరో ఉంటుంది. ఆ పేరు జనగణన కాగితంమీది పేరుతో కలిస్తే మనం సరైన మనిషిని పట్టుకున్నట్టే. 1918లో అచ్చయిన గైర్హాజరు ఓటర్ల (సైనిక సేవవంటి కారణాలతో ఇంటికి దూరంగా ఉన్న ఓటర్ల) జాబితాలో ఇంటి చిరునామా పక్కనే రెజిమెంటు, సైనిక సంఖ్య ఉంటాయి, అయితే అది ఆ ఏడాదిదాకా బతికి ఉన్నవారికే పనికొస్తుంది. టెరిటోరియల్ సైనికులకు, అంటే మామూలు వృత్తులు చేసుకుంటూ తీరిక వేళల్లో శిక్షణ పొందే స్వచ్ఛంద దళంవారికి, 1917 తొలినాళ్లలో కొత్త సంఖ్యలు ఇచ్చారు; ఒకే మనిషికి రెండు సంఖ్యలు కనిపించినంతమాత్రాన ఇద్దరు మనుషులనుకోవద్దు.

అతని పేరు ఫ్రాన్సులోని థియెప్‌వాల్ స్మారకంమీద ఉంటే అతనికి గుర్తించిన సమాధి లేదని అర్థం. అలాంటి 72,000కు పైగా పేర్లు అక్కడ ఉన్నాయి. గల్లంతైనవారి మరణ తేదీ చాలాసార్లు అధికారులు ఊహించి వేసినది. ఆ రోజు అతని బెటాలియన్ ఎక్కడ ఉందో యుద్ధ దినచర్య పుస్తకంలో చూడవచ్చు. ఆ పుస్తకాల్లో అధికారుల పేర్లు తప్ప మామూలు సైనికుల పేర్లు అరుదు. ఊరి వారపత్రికలో అచ్చయిన పై అధికారి ఉత్తరాన్ని మాత్రం జాగ్రత్తగా వాడుకోవాలి. "బాధ తెలియకుండా క్షణంలో పోయాడు" అన్న మాట దాదాపు ప్రతి ఉత్తరంలోనూ ఉంటుంది. అది తల్లికి ఓదార్పు. మనకు సాక్ష్యం కాదు.

తప్పు దొరికినప్పుడు, తుడవాలనిపించినప్పుడు

ఫలకంమీద ఒక ఇంటిపేరు, రికార్డుల్లో మరోలా ఉంటే రెండూ రాసి, ఏది ఎక్కడ ఉందో చెప్పండి. ఒక మనిషి కమిషన్ జాబితాలోనే లేడని తేలితే, మరణ ధృవపత్రం, సైనిక సేవకూ మరణానికీ సంబంధం చూపే పత్రాలు జతచేసి కమిషన్‌కు పంపవచ్చు. అలాంటి దరఖాస్తులను ఇప్పటికీ పరిశీలిస్తున్నారు. చర్చి గోడమీద కొత్త పేరు చేర్చడం వేరే సంగతి. ఇంగ్లండ్ చర్చిలో ఫలకాన్ని కదిలించాలన్నా, మార్చాలన్నా, పేరు చెక్కించాలన్నా ఫ్యాకల్టీ అనే అనుమతిని డయోసిస్ (బిషప్ పరిధిలోని ప్రాంతం) న్యాయస్థానంనుంచి పొందాలి. వికార్ గారు, అంటే ఆ చర్చి పాదిరి, సరేనన్నంతమాత్రాన సరిపోదు.

ఇత్తడిని మెరిపించాలన్న కోరికను అణచుకోవడం కష్టమే. నేను చూసిన ఒక పలకను భక్తిగల చేతులు ఏళ్లతరబడి పాలిష్‌తో తోమీ తోమీ, అక్షరాల్లోని నల్లని లక్క ఊడిపోయి, గాడులు అరిగి, మధ్య వరుస పేర్లు టార్చి లేనిదే చదవలేని స్థితికి వచ్చాయి. పాలిష్ అంటే సన్నని రాపిడి పొడి. ప్రతి తోముడుకూ కొంత లోహం పోతుంది. రాతికి వెనిగర్, బ్లీచు, తీగబ్రష్షు తగలనివ్వకూడదు. దుమ్మును మెత్తని పొడి బ్రష్షుతో దులపడానికి కూడా ముందు అడగాలి. అంతకుమించి అవసరమనిపిస్తే 1997నుంచి పనిచేస్తున్న వార్ మెమోరియల్స్ ట్రస్టు సలహా ఇస్తుంది.

పని పూర్తయ్యాక ఫోటోలు, నకలు, పేరు పేరుకూ దొరికిన వివరాలు, ఏ వివరం ఎక్కడిదో చెప్పే పంక్తి, మీరు చూసిన తేదీ అన్నీ కలిపి ఒక ప్రతిని యుద్ధస్మారకాల రిజిస్టరుకు, ఒకటి చర్చికి, ఒకటి కౌంటీ రికార్డు ఆఫీసుకు ఇవ్వండి. ఖచ్చితంగా తేలినవి, బహుశా అనదగినవి, తేలనివి వేరువేరుగా చూపండి, డబ్ల్యు. స్మిత్ ఎదుట "తేలలేదు" అని రాయవలసి వస్తే అలాగే రాయండి, తరువాత వచ్చేవారు అక్కడినుంచి అందుకుంటారు. ప్రతులు పంపే ముందు మాత్రం ఆ కాగితం పట్టుకొని మళ్లీ ఒకసారి ఆ గోడ దగ్గరకు వెళ్లి, కింది పేరునుంచి పైకి, అక్షరం అక్షరం సరిచూసి రావాలి.